ఆఫ్తాల్మోస్కోప్ గారికి, డిస్క్ కనపడని ఒకడు రాసుకున్న లేఖ

కంటి లోపలి వెనక భాగాన్ని చూపించే మహారాజశ్రీ ఆఫ్తాల్మోస్కోప్ గారి దివ్య సముఖమునకు,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాదని ఈ మధ్యాహ్నం మెడిసిన్ వార్డులో అందరికీ తెలిసిపోయింది. తెలిసేలా చేసినవాణ్ణి నేనే కావడం నా ఖర్మ.

బెడ్ పక్కన వరసగా నిలబడ్డాం. నా ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వంగి, తమరిని కంటికి ఆనించుకుని, "డిస్క్ మార్జిన్స్ క్లియర్ సర్" అని తప్పుకున్నారు. (డిస్క్ అంటే చూపు నరం, అంటే సెకండ్ నర్వ్, కంటి వెనక కనపడే గుండ్రటి చోటు. దాని అంచులు స్పష్టంగా ఉన్నాయని వాళ్ళ మాట.) ఒకడైతే అడక్కుండానే డిస్క్ మధ్య గుంట ఎంతుందో చెప్పే కప్-డిస్క్ రేషియో 0.3 అని కూడా చెప్పాడు. నా వంతు వచ్చింది. వంగి చూశాను. చీకటి. డయల్ తిప్పాను. అదే చీకటి. ఇవతలికి తీసి నా అరచేతి మీదకు తిప్పి చూస్తే, తమరి బల్బు అసలు వెలగడమే లేదు.

"లైట్ రావడం లేదు సర్" అన్నాను. "ఇప్పటిదాకా వచ్చిందిగా?" అన్నారు సార్. వెనక్కి తిరిగి చూద్దును కదా, నా స్నేహితులందరికీ కేస్ షీట్ చదవాలని ఒక్కసారిగా బుద్ధి పుట్టింది. వాళ్ళ చేతుల్లో వెలిగింది, నా చేతిలో ఆరిపోయింది, కాబట్టి పాడుచేసింది నేనేనని తేలింది. సిస్టర్ గారు స్టాక్ రిజిస్టర్ తెప్పించి బ్రేకేజ్ కింద నా పేరు రాసుకున్నారు. నేనే సంతకం పెట్టాను.

అయ్యా, నరాల పరీక్షల్లో తమరి తోటివాళ్ళ మీద నాకు ఇంత కోపం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ప్రాచీన వైద్యుడు గేలెన్ కాలంలో ఏడు జతలతో హాయిగా గడిచిపోతున్న క్రేనియల్ నర్వ్‌లను (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలను) 1778లో జోమరింగ్ అనే జర్మన్ పన్నెండు చేసి మా ఉసురు పోసుకున్నాడు. అయినా మిగతా పదకొండూ ఏదో ఒకలా లొంగుతాయి. ట్రేలో ఉన్న కాఫీ పొడి సీసాలో వాసన ఎప్పుడో చచ్చిపోయింది. "ఏం వాసన వస్తోంది తాతా?" అంటే ఆయన బాత్‌రూమ్ వైపు చెయ్యి చూపించాడు. ఫస్ట్ నర్వ్ బ్రహ్మాండంగా ఉందని రాసుకున్నాం. "పళ్ళు చూపించు" అంటే "ఇంట్లో డబ్బాలో పెట్టొచ్చాను బాబూ" అన్నాడు. కళ్ళతోనే చూడమన్న వేలు కదిలినప్పుడల్లా తల మొత్తం తిప్పేవాళ్ళకు గడ్డం పట్టుకుంటాం. వినికిడి చూసే రిన్నె టెస్టుకు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కావాలంటే వార్డులో ఉన్నది 128. అది ఎప్పుడు చెవి దగ్గర పెట్టినా "వినపడుతోందా?" అన్న నా అరుపే పేషెంట్‌కు ముందు వినపడుతుంది. గొంతు వెనక తాకితే వచ్చే గాగ్ రిఫ్లెక్స్ సంగతి చెప్పను, అది పేషెంట్ కన్నా ముందు నాకే వస్తుంది.

ముఖాన్ని కదిలించే సెవెంత్ నర్వ్ కోసం మొన్న ఒక పెద్దావిడను ఈల వేయమన్నాను. "ఆడదాన్ని పట్టుకుని ఈలేయమంటావేం నాయనా, అదిగో మా ఆయన కూర్చున్నాడు" అంది. ఆయన పకపకా నవ్వాడు. ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే మడత, నేసోలేబియల్ ఫోల్డ్, రెండు వైపులా సమానంగా ఉంది. ఆయనకు. ఆవిడది ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ ఇంటికెళ్ళి చెప్పుకుని నవ్వుకునే కష్టాలు. తమరితో వచ్చిందే అసలు చిక్కు.

పద్ధతి పుస్తకంలో చదువుకోవడానికి ఎంతో ముద్దుగా ఉంటుంది. పేషెంట్ కుడి కన్ను అయితే నా కుడి కన్ను, నా కుడి చెయ్యి. ఎడమ కన్ను అయితే రెండూ ఎడమవే. గది చీకటిగా ఉండాలి. పేషెంట్ దూరంగా ఒకే చోట చూస్తుండాలి. చూపుకు బయటి పక్క నుంచి 15 డిగ్రీల కోణంలో రావాలి. కనుపాపలో ఎర్రటి మెరుపు కనపడగానే దాన్ని వదలకుండా దగ్గరికి వెళ్ళాలి. ఏదో ఒక రక్తనాళం దొరుకుతుంది. అది ఎటు లావవుతుంటే అటు వెళ్ళు, డిస్క్ వస్తుంది. అంతే!

ఇక వార్డుకు రండి. మధ్యాహ్నం రెండు గంటలు. కిటికీలకు కర్టెన్లు లేవు. మా బెడ్ మీది ట్యూబ్‌లైట్ ఆపుదామని స్విచ్ నొక్కితే వరసలో అన్నీ ఆరిపోయి, "కరెంటు పోయిందా?" అని పది మంది లేచి కూర్చుంటారు. "దూరంగా గోడ మీద గడియారాన్నే చూస్తూ ఉండమ్మా" అంటాం. ఆవిడ శ్రద్ధగా చూస్తుంది, "రెండుంబావు" అని చెప్తుంది, చెప్పి మళ్ళీ తిన్నగా తమరి లైట్‌లోకే చూస్తుంది. కనుపాప ఆవగింజంత అయిపోతుంది. ఈ లోపల నా ముక్కు ఆవిడ బుగ్గకు తగులుతుంటుంది. మధ్యాహ్నం మెస్‌లో తిన్న ఉల్లిపాయ పెరుగుపచ్చడి ఆవిడకూ తెలుస్తుంటుంది. ఊపిరి బిగబట్టి ఇంకా దగ్గరికి వెళ్తాను. పక్కన స్టూలు మీద కూర్చున్న మనవడు మెల్లగా లేచి నిలబడతాడు. "ఏం చేస్తున్నారు సార్ మా అమ్మమ్మను?" అని అడిగితే ఏమని చెప్పను? కంటి వెనక చూస్తున్నానని చెప్పాను. "ఏముంది?" అన్నాడు. సార్ అడిగిన ప్రశ్న కూడా అదే.

అంత కష్టపడి చూస్తే కనపడేది ఏమిటి? తమరు దేన్నయినా దాదాపు 15 రెట్లు పెద్దది చేసి చూపిస్తారు. సంతోషం. కానీ చూపించే ముక్క ఎంత చిన్నదంటే, డిస్క్ ఒక్కటి వస్తే చాలు, మొత్తం అదే నిండిపోతుంది. తలుపు సందులోంచి పెళ్ళి చూసినట్టు, ఎవరిదో పట్టుచీర అంచు తప్ప పెళ్ళికూతురెక్కడుందో తెలియదు. పైగా డిస్క్ అసలు సైజు ఒకటిన్నర మిల్లీమీటర్లు. నాకు ఎక్కువసార్లు కనపడినవి నా కనురెప్ప వెంట్రుకలు. కళ్ళద్దాలు తీసేస్తే ఎర్ర అంకెల మైనస్ వైపు తిప్పుకోవాలి. తిప్పుతూ తిప్పుతూ వేలు ఇంకో చక్రం మీదకు జారితే ఆకుపచ్చ లైట్ వస్తుంది, ఇంకాస్త జారితే గీత, ఆ తర్వాత గళ్ళు. ఇన్ని వేషాలున్న తమరికి రెండు సెల్లు సరిగ్గా పనిచేయించుకోవడం మాత్రం రాదు.

డ్రాప్స్ వేసి కనుపాప పెద్దది చేసుకుని చూడొచ్చు కదా అని బయటివాళ్ళు అడుగుతారు. వేయకూడదండీ. ఇది న్యూరో కేసు. కనుపాప లైట్‌కు ముడుచుకుంటోందా లేదా అన్నదే థర్డ్ నర్వ్‌కు ముఖ్యమైన ఆధారం. తలకు దెబ్బ తగిలిన మనిషిలో ఒక పక్క కనుపాప పెద్దదైతే ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేస్తారు. మనం డ్రాప్స్ వేసి చెడగొడితే కొన్ని గంటలపాటు ఎవరికీ ఏమీ తెలియదు. అంటే, ఏ పేషెంట్‌లో డిస్క్ చూడటం ప్రాణం మీది అవసరమో, సరిగ్గా ఆ పేషెంట్‌లోనే చూడటానికి వీల్లేకుండా ఏర్పాటు జరిగింది. ఎంత గొప్ప ఏర్పాటు! ఎవరికి దండ వేయాలో చెబితే వేసొస్తాను.

దండ అంటే గుర్తొచ్చింది, తమరి పుట్టుక. 1850లో కోనిగ్స్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గారు, స్టూడెంట్లకు పాఠం చెప్పే సందర్భంలో ఆలోచన వచ్చి, కళ్ళద్దాల గాజులూ మైక్రోస్కోప్ కింద వాడే పల్చటి గాజు ముక్కలూ కలిపి తమరిని తయారు చేశారు. సుమారు ఎనిమిది రోజుల్లో బతికున్న మనిషి రెటీనా చూసేశానని రాసుకున్నారు. ఆయనకు సెల్లు లేవు, బల్బు లేదు, పక్కన పెట్టిన దీపమే గతి. పాఠం కోసం పుట్టిన తమరు ఆ పాఠం దగ్గర తప్ప ఎక్కడైనా పనిచేస్తారు.

అంతకన్నా ముందు, 1847లో, లెక్కల యంత్రాల చార్లెస్ బాబేజ్ కూడా ఇలాంటిదే ఒకటి తయారు చేసి వార్టన్ జోన్స్ అనే కంటి డాక్టర్‌కు చూపించాడు. జోన్స్ చూశాడు. ఏమీ కనపడలేదు. పనికిరాదన్నాడు. బాబేజ్ దాన్ని పక్కన పడేశాడు. ప్రపంచంలో తమరిని మొట్టమొదట కంటికి పెట్టుకున్న డాక్టర్‌కే ఏమీ కనపడలేదు! ఆ పెద్దమనిషి కనపడలేదని ఒప్పుకున్నాడు. మా యూనిట్‌లో అయితే "మార్జిన్స్ క్లియర్ సర్" అని చెప్పి పాసయ్యేవాడు.

ఇక "గారు", "తమరు" నావల్ల కాదు. సూటిగా అడుగుతాను. నువ్వు ఎంతమంది చేత అబద్ధం ఆడించావో నీకు లెక్క ఉందా?

థర్డ్ ఇయర్‌లో మొదటిసారి పట్టుకున్న రోజే సీనియర్ అన్న చెవిలో చెప్పాడు. "కనపడిందా అంటే కనపడిందను. లేదన్నావంటే మళ్ళీ చూడమంటారు, పీరియడ్ అయిపోదు." ఆ అన్నకు ఇంకో అన్న చెప్పి ఉంటాడు. లాగ్‌బుక్‌లో ఫండస్ (కంటి వెనక భాగం) ఎగ్జామినేషన్ ఎదురుగా మా అందరికీ సంతకాలు పడ్డాయి. హౌస్ సర్జన్ కేస్ షీట్‌లో "ఫండస్: నార్మల్" అని ఉంటుంది, దాన్ని పీజీ కాపీ చేస్తాడు, డిశ్చార్జ్ సమ్మరీలోకి అదే వెళ్తుంది. ఆ ముక్క రాయడానికి బల్బు అక్కర్లేదు, పెన్ను చాలు. అడిగేవాళ్ళు కూడా ఒకప్పుడు ఇదే వరసలో నిలబడ్డవాళ్ళే కాబట్టి, "ఎక్కడ, చూపించు" అని ఎవరూ అనరు. నిన్ను ఎవరూ బాగుచేయించకపోవడానికి అసలు కారణం ఇదే. పాడైందని తెలియాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా!

మేం పిల్లలం, పోనీ. అమెరికాలో అట్లాంటా ఎమర్జెన్సీలో కంటి వెనక చూడాల్సిన 350 మంది పేషెంట్లను తీసుకుని గమనించారు, 2011లో అచ్చయింది. డాక్టర్లు నిన్ను చేత్తో పట్టుకుని చూసింది 48 మందిని. అక్కడ కర్టెన్లు ఉండే ఉంటాయి, సెల్లు కూడా.

దీనికి నవ్వలేను. తలనొప్పి, వాంతులు అని ఒక అమ్మాయి వస్తుంది. తలలో ఒత్తిడి పెరుగుతుంటే డిస్క్ ఉబ్బుతుంది, అంచులు చెదిరిపోతాయి, సిరలు లావవుతాయి. ఆ ఉబ్బు చూడకుండా వెన్నులో సూది గుచ్చితే ప్రాణం మీదికి ఎలా వస్తుందో మాకు సెకండ్ ఇయర్ నుంచి చెప్తూనే ఉన్నారు. స్కాన్ ఉందిగా అంటారు. స్కాన్ రూమ్ ముందు లైన్ చూశారా? ఉబ్బు ఎక్కువవుతుంటే చూపు కూడా పోతుంది, అది స్కాన్‌లో కనపడదు. రెండు సెల్లు, ఒక బల్బు, చూడటం నేర్పే ఒక మనిషి, ఒక చీకటి గది. ఇంతకన్నా ఏమడిగాం? పరీక్షలో డిస్క్ గురించి పది మార్కుల ఎస్సే రాయమంటే మేమందరం రాస్తాం. బొమ్మ వేసి రంగులు కూడా వేస్తాం. బతికున్న మనిషిలో చూడనివ్వరు.

అయినా నిన్ను కిటికీలోంచి విసిరేయలేకపోతున్నాను. దానికి కారణం నువ్వు కాదు, డిస్క్‌గా కనపడే ఆ చూపు నరం. ఆ పన్నెండింటిలో మనిషిని కోయకుండా కళ్ళతో నేరుగా చూడగలిగేది అదొక్కటే. మిగతావన్నీ ఈలలూ బుగ్గలూ భుజాలూ చూసి ఊహించుకునేవే. ఒకసారి, రాత్రి డ్యూటీలో, వార్డు లైట్లు తగ్గించాక, ఒక తాత కదలకుండా పడుకుని ఉంటే నీలోంచి ఒక రక్తనాళం కనపడింది. సన్నగా, ఎర్రగా, రెండుగా చీలుతూ. దాని పక్కనే ఇంకోటి, కాస్త ముదురు రంగులో. అది ఎటు లావవుతోందో చూసుకుంటూ కదిలాను. తాత తుమ్మాడు. మళ్ళీ దొరకలేదు. ఇంత తిట్టినా నీ దగ్గరికే రావడానికి ఆ రక్తనాళమే కారణం.

కంటి విభాగంలో పీజీ అక్క ఒకావిడ నా ఏడుపు విని జాలిపడింది. షుగర్ పేషెంట్లకు రెటీనా చూడటానికి ఎలాగూ డ్రాప్స్ వేసి బెంచీ మీద కూర్చోబెడతారట. "వాళ్ళను అడిగి, సరేనంటే, డార్క్ రూమ్‌లో ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు చూసుకో. డిస్క్ కనపడే దాకా ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అంది. నాకు చదువు చెప్పినవాళ్ళలో ఇంత మంచి మాట ఎవరూ అనలేదు.

గురువారం వస్తున్నాను. అక్కడ తలుపేస్తే చీకటి, పేషెంట్ కనుపాప పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, మనవళ్ళను లోపలికి రానివ్వరు, ఉల్లిపాయ కూడా మానేస్తాను. ఈసారీ ఏమీ కనపడకపోతే సార్‌కు సంజాయిషీ నువ్వే చెప్పుకో.

ఇట్లు,
సెకండ్ నర్వ్ దగ్గరే ఆగిపోయిన ఒక ఫైనలియర్ వాడు