డైలాగ్‌ని పేరెంట్ మధ్యలో పెట్టే ఆ నాలుగు లైన్ల చిట్కా నమ్మకండి

డెస్క్‌టాప్ యాప్‌లో డైలాగ్‌ని (యాప్ పైన తెరుచుకునే చిన్న విండో) పేరెంట్ విండో (దాన్ని తెరిచిన విండో) మధ్యకి తేవడానికి నాలుగు లైన్లు చాలంటూ ఒక చిట్కా తెగ షేర్ అవుతోంది. రెండు విండోల వెడల్పుల తేడాలో సగం పేరెంట్ ఎక్స్‌కి (స్క్రీన్ మీద అడ్డంగా అది ఉన్న చోటు) కలపాలట, ఎత్తుకీ అదే లెక్కట, మైనస్ వస్తే సున్నా చేసేయాలట, ఓనర్ (ఈ డైలాగ్ ఏ విండోకి చెందిందో) ఇవ్వాల్సిన పనే లేదట, ఏ ఓఎస్ అయినా ఇంతేనట. కూడికలు, తీసివేతలు కరెక్టే, మిగతాదంతా తేడా.

"పొజిషన్ మనమే ఇస్తున్నాం, ఇంక ఓనర్ ఎందుకు?"

అన్నిట్లోకీ ఇదే డేంజర్. ఓనర్ ఉన్నది ప్లేస్ కోసం ఒక్కటే కాదండీ. విండోస్‌లో ఓనర్ ఉన్న విండో ఎప్పుడూ ఆ ఓనర్ పైనే ఉంటుంది, ఓనర్‌ని మినిమైజ్ చేస్తే అదీ దాక్కుంటుంది. ఓనర్ లేకుండా మోడల్ డైలాగ్ (మూసేదాకా మెయిన్ విండోని వాడనివ్వనిది) తెరిచారనుకోండి, అది ఎప్పుడో ఒకప్పుడు మెయిన్ విండో వెనక్కి పోతుంది, యూజర్ ఎక్కడ నొక్కినా ఏదీ కదలదు, యాప్ హ్యాంగ్ అయిందనుకుని టాస్క్ మేనేజర్‌లోంచి ఆపేస్తారు, సేవ్ చేయని పనంతా పోయినట్టే. అది మధ్యలో తెరుచుకుందా మూలన తెరుచుకుందా అని అప్పుడు ఎవరిక్కావాలి.

"ఆ లైన్లు కోడ్‌లో ఎక్కడ పెట్టినా ఒకటే."

ఒకటి కాదు. లెక్కకి డైలాగ్ సైజు కావాలి, అది లేఅవుట్ (లోపలి బటన్లు, అక్షరాలు సర్దుకోవడం) అయ్యాక గానీ తెలీదు. జావాలో విండోలు చేసే స్వింగ్‌లో ప్యాక్ (లోపలున్నవాటికి తగ్గట్టు సైజు ఇచ్చేది) కంటే ముందే సెట్‌లొకేషన్‌రిలేటివ్‌టు (మధ్యలో పెట్టేది) పిలిస్తే అప్పటికి సైజు 0, అంచేత డైలాగ్ ఎడమ పై మూల పోయి పేరెంట్ నడిమధ్యలో కూర్చుంటుంది, తర్వాత ప్యాక్ చేయగానే అక్కణ్ణుంచి కుడికీ కిందికీ సాగుతుంది. స్వింగ్‌ని తిట్టే ముందు ఆ రెండు లైన్లూ తారుమారు చేసి చూడండి. పోనీ సైజు నంబర్లు చేత్తో రాసేద్దామంటే, బటన్ల మీద ఇంగ్లీష్ తీసి తెలుగు పెట్టిన రోజున అవీ మారిపోతాయి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ విండోల టూల్‌కిట్ విన్‌ఫార్మ్స్‌లో ఇంకో తిరకాసు ఉంది, స్టార్ట్‌పొజిషన్ మాన్యువల్‌లో లేకపోతే మీరు ముందే ఇచ్చిన లొకేషన్‌ని అసలు పట్టించుకోదు. అక్కడ సెంటర్‌పేరెంట్ పెట్టి, ఓనర్‌ని పాస్ చేసి షోడైలాగ్‌తో తెరిస్తే ఈ లెక్కలే అక్కర్లేదు.

"మైనస్ వస్తే సున్నా చేసేయండి."

ఒక్క మానిటర్ ఉన్నవాళ్ళు రాసే లైన్ ఇది. విండోస్‌లో 0,0 అంటే ప్రైమరీ మానిటర్ ఎడమ పై మూల. రెండోది దానికి ఎడమవైపు ఉంటే అక్కడ ఎక్స్ అంతా మైనస్సే, 1920 వెడల్పుదైతే మైనస్ 1920 నుంచి మొదలు. సున్నా చేశారంటే పేరెంట్ ఒక మానిటర్‌లో, డైలాగ్ ఇంకో మానిటర్‌లో. కావాలంటే మానిటర్‌ఫ్రమ్‌విండో అనే విండోస్ ఫంక్షన్‌తో పేరెంట్ ఏ మానిటర్‌లో ఉందో చూసి, గెట్‌మానిటర్‌ఇన్ఫో ఇచ్చే వర్క్ ఏరియా (టాస్క్‌బార్ పోగా మిగిలే చోటు) లోపలికి డైలాగ్‌ని జరపండి, టాస్క్‌బార్ కిందికి కూడా పోకుండా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఇంకో టూల్‌కిట్ డబ్ల్యూపీఎఫ్‌లో అయితే పేరెంట్ మాక్సిమైజ్ అయి ఉన్నప్పుడు లెఫ్ట్, టాప్ పాత పొజిషన్‌నే చెప్తాయి, దాంతో మీ లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఓనర్ ఇచ్చి సెంటర్‌ఓనర్ అంటే పోయేదానికి ఇదంతా ఎందుకు.

"ఏ ఓఎస్‌లో అయినా ఇంతే."

లినక్స్‌లో వేలాండ్ (విండోల్ని స్క్రీన్ మీద చూపించే పద్ధతి) మీద మామూలు యాప్‌కి తన విండో స్క్రీన్ మీద ఎక్కడుందో కూడా తెలీదు, ఫలానా చోట పెట్టు అని అడిగే దారీ లేదు. 2020లో వచ్చిన జీటీకే 4 టూల్‌కిట్‌లో విండోని జరిపే ఫంక్షన్‌నే పీకేశారు. సెట్ ట్రాన్సియెంట్ ఫర్‌తో ఇది దీని తాలూకు డైలాగ్ అని చెప్పడం వరకే మన పని, ఎక్కడ పెట్టాలో కంపోజిటర్ (స్క్రీన్ మీద విండోల్ని సర్దే ప్రోగ్రాం) చూసుకుంటుంది. అంటే అనవసరం అన్న ఆ ఓనరే ఇక్కడ మిగిలేది.

ఒక్కచోట మాత్రం చిట్కా రాసినవాళ్ళ విసుగు అర్థమవుతుంది. విండోస్ వాళ్ళ విన్32లో రెడీమేడ్‌గా ఉండే మెసేజ్‌బాక్స్‌కి ఓనర్‌ని ఇచ్చినా సరే అది స్క్రీన్ మధ్యలోనే తెరుచుకుంటుంది. కానీ దానికి ఆ నాలుగు లైన్లూ పనికిరావు, తెరుచుకునే ముందు దాని హ్యాండిల్ (ఆ విండోని పట్టుకునే గుర్తు) మన చేతికి రాదు కాబట్టి. సీబీటీ హుక్ (విండో తయారవుతుండగా మన కోడ్‌ని పిలిచే ఏర్పాటు) వేసి జరపాలి, లేదా సొంత డైలాగ్ రాసుకోవాలి.