పక్కింటి పిల్లాడి సీటు

పోయిన డిసెంబర్‌లో మా పక్కింట్లో జరిగిన సంగతి ఇది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్ ఉందంటే ఊరు ఊరంతా అక్కడే. దగ్గర్లోని ఆలెన్‌లో అయితే ఒక్క హైస్కూల్ కోసం సుమారు 6 కోట్ల డాలర్లు పోసి 18 వేల మంది పట్టే స్టేడియం కట్టారు. మా అబ్బాయి స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. అలా నాకూ ఈ ఆట అలవాటైంది.

పక్కింటి అబ్బాయి లైన్‌బ్యాకర్, అంటే అవతలి జట్టు బంతితో ముందుకు రాకుండా అడ్డుకునే ఆటగాడు. పదకొండో తరగతిలో ఉండగానే ఈ రాష్ట్రంలోనే ఉన్న ఒక యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఆఫర్ ఇచ్చింది. కోచ్‌లు ఇంటికొచ్చారు, వాళ్లమ్మ చేతి వంట తిన్నారు. "మన ఊరి పిల్లలు మన దగ్గరే ఆడాలి" అన్నారు. ఆ మాట నమ్మి వాడు వేరే రెండు కాలేజీలకు రానని చెప్పేశాడు. డిసెంబర్ మొదటి వారంలో కాలేజీతో ఒప్పందం మీద సంతకాలు. దానికి ఎనిమిది రోజుల ముందు ఫోన్ వచ్చింది: మీ పొజిషన్‌కి ఈసారి పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి అనుభవం ఉన్నవాణ్ని తెచ్చుకుందామనుకుంటున్నాం, ఏమీ అనుకోవద్దు, అని.

ఆ సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. సంతకం రోజుకి యూనివర్సిటీ రంగులతో కేక్ ఆర్డరిచ్చింది, బేకరీ నంబర్ మా ఆవిడే ఇచ్చింది. ఇప్పుడు ఆ కేక్ వద్దని చెప్పాలి. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది గానీ చేయలేకపోయింది. చివరికి మా ఆవిడే చేసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ ఆఫర్ అంటే నోటిమాట. సంతకం అయ్యేదాకా దానికి విలువ లేదు. పిల్లాడు మనసు మార్చుకోవచ్చు, కోచ్ కూడా మార్చుకోవచ్చు. కానీ 17 ఏళ్ల పిల్లాడు మాట మారిస్తే ఆన్‌లైన్‌లో వాణ్ని తిట్టిపోస్తారు. లక్షల జీతం తీసుకునే కోచ్ మారిస్తే "అదంతా బిజినెస్" అంటారు. ఎక్కడి న్యాయం ఇది?

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది. అప్పట్లో కాలేజీ మారితే మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో మొదటిసారికి ఆ నిబంధన ఎత్తేశారు, 2024లో ఎన్నిసార్లు మారినా పర్వాలేదన్నారు. దాంతో కోచ్‌కి 17 ఏళ్లవాణ్ని చేర్చుకుని రెండేళ్లు తీర్చిదిద్దే ఓపిక పోయింది. వేరేచోట అప్పటికే ఆరితేరిన 22 ఏళ్లవాడు దొరుకుతుంటే వీడెందుకు? పైగా ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌ని ఒప్పుకున్న యూనివర్సిటీల్లో జట్టుకి 105 మందికి మించి ఉండకూడదు. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చేరి కష్టపడి పైకొచ్చేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ దారీ ఇరుకైపోయింది. పెద్ద పేరున్న కుర్రాడికి ఏ ఢోకా లేదు, వాడి కోసం ఆస్టిన్ నుంచి ఒహాయో దాకా అందరూ ఎగబడతారు. నలిగిపోయేది మా పక్కింటి వాడిలాంటి మధ్యస్థం పిల్లలు.

ఆటగాళ్లకి డబ్బు రావడం తప్పని నేననను. ఇదే డాలస్‌లో ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) జట్టు, ఆటగాళ్లకి చాటుగా డబ్బులిచ్చిందని 1987లో సీజన్ మొత్తం రద్దు చేశారు. మరుసటి ఏడాది కాలేజీయే ఆడనంది. కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 2021 నుంచి పిల్లలు తమ పేరు మీద బాహాటంగా సంపాదించుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వచ్చు. మంచిదే, వాళ్ల ఒళ్లు హూనం చేసుకుని ఆడే ఆట అది. నా బాధ డబ్బు గురించి కాదు, మాట గురించి.

ఇదంతా చూస్తుంటే నాకు ఒంగోలు గుర్తొస్తుంది. పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజు మా అన్నయ్య కోసం కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మా ఇంటి ముందు స్కూటర్లు ఆపేవాళ్లు. ఫీజు వద్దు, హాస్టల్ ఫ్రీ, మీ వాడు మా వాడే అనేవాళ్లు. మా నాన్న అందరికీ టీ పోయించాడు. వాళ్లకి కావాల్సింది పేపర్లో వేసుకునే ర్యాంకులని మాకూ తెలుసు. కానీ అన్నయ్య పెట్టె సర్దుకుని వెళ్లేసరికి చెప్పిన సీటు అక్కడ ఉంది.

నేనడిగేది కూడా అంతే. ఆఫర్ ఇస్తే కాగితం మీద ఇవ్వండి. పన్నెండో తరగతి మొదలయ్యాక వెనక్కి తీసుకుంటే, ఆటలో చోటివ్వకపోయినా చదువు ఖర్చు మీరే భరించండి. ఈ ఏడాది హైస్కూల్ పిల్లలకి ఎన్ని సీట్లు, పోర్టల్‌కి ఎన్ని, ముందే చెప్పండి. కోచ్‌ల మీద ఒత్తిడి నాకూ తెలుసు, రెండు సీజన్లు ఓడితే ఉద్యోగం పోతుంది. ఆ భారం మాత్రం పిల్లాడి నెత్తిన పెట్టకండి.

వాడు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీలో చేరుతున్నాడు, సగం ఫీజు వాళ్ల నాన్న అప్పు చేసి కడుతున్నాడు. వాడి తమ్ముడు తొమ్మిదో తరగతి, వాడూ లైన్‌బ్యాకరే. సీజన్ మొదలయ్యాక బౌండరీ గీత పక్కన కాలేజీ కోచ్‌లు మళ్లీ కనబడతారు. ఈసారి నేను బ్యాండ్ దగ్గర కూర్చోను. కిందికి దిగి వెళ్లి అడుగుతాను: హైస్కూల్ పిల్లలకి ఎన్ని సీట్లు ఉంచారు సార్?