గూల్డ్ నెమ్మదించాడా? ముందు లెక్క సరిచూద్దాం

చెన్నైలో డిసెంబరు సంగీత సభల రోజుల్లో మైలాపూరు, టి.నగర్ తెలుగు రసికుల మధ్య ఒక మాట తరచూ నలుగుతుంది: ఫలానా విద్వాంసుడు ఆ కీర్తనను పాతికేళ్ల కిందట మధ్యమకాలంలో (మధ్యస్థ వేగంలో) పాడేవాడు, ఇప్పుడు చౌకకు (నెమ్మది నడకకు) దిగాడు అని. కర్ణాటక సంగీతంలో ఈ పోలిక తేల్చడం కష్టం. సంగతులు (ఒకే పంక్తికి వేసే మార్పులు) మారతాయి, నెరవల్ (ఒక పంక్తిని మనోధర్మంతో విస్తరించడం) చోటు మారుతుంది, పక్కవాద్యం మారుతుంది. పాశ్చాత్య పియానోలో స్వరాలు ముందే రాసి ఉంటాయి కాబట్టి ఒకే వాద్యకారుడి రెండు రికార్డింగుల తేడాను గడియారం పెట్టి కొలవవచ్చు. కానీ ఆ గడియారాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే తప్పుడు జవాబే వస్తుంది.

కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ వాయించిన, జర్మన్ స్వరకర్త బాఖ్ రచన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌నే తీసుకుందాం. మొదటిది 1955 జూన్‌లో, ఆయనకు 22 ఏళ్లప్పుడు. రెండోది 1981లో, 48 ఏళ్ల వయసులో. రెండూ న్యూయార్క్ 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో రికార్డయినవే. పియానో మాత్రం వేరు: అప్పుడు స్టైన్‌వే, ఇప్పుడు యమహా. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. ‘వయసు పైబడి నెమ్మదించాడు’ అనే తీర్పు ఈ రెండు అంకెల మీదే నిలబడుతోంది. నిలబడదగినది కాదది.

ఈ రచనలో ఒక ఆరియా (మూల బాణీ), దాని మీద 30 వేరియేషన్లు (ఆ బాణీకి మారు రూపాలు), చివర మళ్లీ ఆరియా. ప్రతిదానిలో రెండు భాగాలు. ఒక్కో భాగాన్ని రెండుసార్లు వాయించాలని బాఖ్ గుర్తు పెట్టాడు. 1955లో గూల్డ్ ఈ పునరావృత్తులన్నీ వదిలేశాడు. 1981లో 13 వేరియేషన్లలో మొదటి భాగాన్ని తిరిగి వాయించాడు: తొమ్మిది కానన్లు (ఒక గొంతు బాణీని మరో గొంతు కాస్త వెనక నుంచి అనుకరించేవి), వాటికి తోడు 4, 10, 22, 30 సంఖ్యల వేరియేషన్లు. పల్లవిని ఒకసారి పాడిన కచేరీనీ రెండుసార్లు పాడిన కచేరీనీ మొత్తం నిడివితో పోల్చి లయ గురించి మాట్లాడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మొత్తాన్ని పక్కన పెట్టి, రెండు రికార్డింగుల్లోనూ పునరావృత్తి లేని చోటును పట్టుకోవాలి.

అలాంటి చోటు మొదటి ఆరియా. 32 ఆవర్తాలు, ఆవర్తానికి మూడు దెబ్బలు, మొత్తం 96. 1955లో అది సుమారు 1 నిమిషం 53 సెకన్లు, అంటే నిమిషానికి సగటున 51 దెబ్బలు. 1981లో 3 నిమిషాల 5 సెకన్లు, అంటే 31. చివర లయ సాగదీసినందుకు కొంత తీసేసినా తేడా స్పష్టం. ఇక్కడ నెమ్మది నిజమే.

ఇక 25వ వేరియేషన్‌కు రండి. జి మైనర్ అనే స్వరశ్రేణిలో, మొత్తం రచనకే గుండెకాయ లాంటి చౌకకాల భాగం. ఇందులోనూ రెండుసార్లూ పునరావృత్తి లేదు. 1955లో ఇది సుమారు ఆరున్నర నిమిషాలు. 1981లో ఆరు నిమిషాల మీద కొద్ది సెకన్లే. అంటే పెద్దవాడైన గూల్డ్ ఇక్కడ వేగం పెంచాడు! వయసు సిద్ధాంతం ఈ ఒక్క చోటుతోనే కూలిపోతుంది. తొలి రికార్డింగులో ఆ భాగాన పియానో వాయింపు మరీ ఎక్కువైందని ఆయనే 1982లో ఒక సంభాషణలో తప్పుపట్టాడు.

మరి మారిందేమిటి? వేరియేషన్ల మధ్య బంధుత్వం. 1955లో ఒక్కోదానికి దాని వేగం దానిదే. 1981లో మొత్తానికీ ఒక మూల లయ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. మన మాటలో చెప్పాలంటే కాలప్రమాణం (మొదటి నుంచి చివరి వరకు లయ వేగం) కుదరాలన్న పట్టుదల. అందుకే ఆరియా కిందికి జారింది, 25వది పైకి లేచింది. కొసలు రెండూ దగ్గరయ్యాయి. పరీక్షించాలంటే ఒక వేరియేషన్ ముగిసేటప్పుడు వేసిన తాళం ఆపకుండా తర్వాతి దానిలోకి వెళ్లండి. కొత్త నడక పాతదానికి రెట్టింపా, సగమా, ఒకటిన్నరా అని చూడండి. 1981లో చేయి చాలాచోట్ల పెద్దగా తడబడదు. 1955లో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. నా దృష్టిలో రెండో రికార్డింగు గొప్పతనం దాని నెమ్మదిలో లేదు, ఈ కుదురులోనే ఉంది.

కొలతకు ముందు శ్రుతి చూసుకోవడం మరవద్దు. ఎల్‌పీల నుంచి, క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఫైళ్లలో వేగం తప్పి ఉండొచ్చు. ఆరియా జి మేజర్ స్వరశ్రేణిలో ఉంది, తొలి స్వరం కూడా జి. శ్రుతిపెట్టె యాప్‌లో ఐదు కట్టై (అంటే జి) శ్రుతి పెట్టి సరిచూడండి. అర స్వరం తేడా వస్తే నిడివిలో దాదాపు 6 శాతం తేడా ఉన్నట్టే; 185 సెకన్ల ఆరియాలో అది 11 సెకన్లు. ఆల్బమ్ ట్రాక్ నిడివిలో చివరి నిశ్శబ్దం కలిసి ఉంటుంది, కాబట్టి తొలి స్వరం నుంచి ఆఖరి స్వరం వరకు స్టాప్‌వాచ్‌తో మీరే కొలవాలి. రెండింటి వాల్యూమ్ సమం చేయకపోతే, కాస్త గట్టిగా మోగేదే చెవికి మెరుగనిపిస్తుంది.

స్టూడియో అతుకుల సంగతీ ఉంది. రెండు ఆల్బమ్‌లూ వేర్వేరు టేకులను (వేర్వేరుసార్లు వాయించి రికార్డు చేసిన ముక్కలను) కలిపి చేసినవి. కాబట్టి నడిమధ్యన 1959 ఆగస్టు సాల్జ్‌బర్గ్ కచేరీ రికార్డింగును కూడా వినండి. అది కచేరీలో ఒక్క బిగిన వాయించింది. మూడింటిలోనూ 25వదాన్ని వరుసగా పెట్టి, ఎడమచేతి అడుగులను మాత్రమే లెక్కపెట్టండి.