పాసంగం ఉందని త్రాసు పారేస్తామా?

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేవాళ్లం ఓ ఇరవై మందిమి ఉంటాం. ఆ మధ్య మా వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫార్వర్డ్ వచ్చింది. విజయవాడలో ఉండే మా మేనల్లుడి జిమ్ గ్రూపులో అది అప్పటికే తిరుగుతోందట. అందులో ఉన్నది ఇదీ: తిన్నది రాసుకునే యాప్‌లో ఇడ్లీ అని కొడితే ఒకచోట 39 కేలరీలు, ఇంకోచోట 120 వస్తాయి. ప్యాకెట్ మీది అంకెలు 20 శాతం తప్పున్నా చట్టం ఊరుకుంటుంది. ఇంటి వంటను ఎవరూ కొలవలేరు. మన పెద్దలు ఏనాడూ లెక్క రాయలేదు. కాబట్టి తిన్నది రాసుకోవడం శుద్ధ దండగ.

ఏడాదిన్నరగా రాసుకుంటున్నవాణ్ణి కదా, గుచ్చుకుంది. ముందు చెప్పిన నాలుగు మాటల్లో నిజం లేకపోలేదు. పేచీ అంతా ఆ "కాబట్టి" దగ్గరే.

మొదటిది ఇడ్లీ. 39, 120 రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే "ఒక ఇడ్లీ" అనేది కొలత కాదు. మా ఇంట్లో 200 గ్రాముల మినప్పప్పుకి 400 గ్రాముల ఇడ్లీ రవ్వ కలుపుతారు, 40 ఇడ్లీలు అవుతాయి. పప్పు నుంచి సుమారు 650 కేలరీలు, రవ్వ నుంచి 1420. మొత్తాన్ని 40తో భాగిస్తే ఒక్కోటి 52. బ్రాడీపేట హోటల్లో పళ్లెంలోకి వచ్చే ఇడ్లీ దీనికి రెట్టింపు ఉంటుంది, పైన నెయ్యి, కారప్పొడి. దానికి 120 అంటే నేనేం ఆశ్చర్యపోను. అసలు తమాషా ఏంటంటే, ఇడ్లీ అంకె మీద ఇంత గొడవపడే వాళ్లెవరూ పక్కనున్న పల్లీ చట్నీ సంగతే ఎత్తరు. 30 గ్రాముల పల్లీలంటేనే 160 కేలరీల పైమాట. మూడు ఇడ్లీలతో సమానం!

అలాగని యాప్‌లో ఎవరో ఎక్కించినవన్నీ ఒప్పని నేననడం లేదు. చెత్త బోలెడుంది. కానీ చెత్తను పట్టుకోవడానికి ఐదో తరగతి లెక్కలు చాలు. ప్రొటీన్ గ్రాముకి 4 కేలరీలు, పిండిపదార్థం గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. మొన్న పెసరట్టు అని వెతికితే ఒకచోట ప్రొటీన్ 9, పిండిపదార్థం 24, కొవ్వు 7 గ్రాములు అని వేసి, మొత్తం 90 కేలరీలు అని రాశారు. 36, 96, 63 కూడితే 195. వాళ్ల అంకెలే వాళ్ల మొత్తాన్ని కాదంటున్నాయి, వదిలేశాను. పీచు వల్ల పదీ ఇరవై తేడా వస్తే పట్టించుకోను. సగానికి సగం తేడా వస్తే ఆ ఎంట్రీ ముట్టుకోను.

ఇంకో రకం పొరపాటు ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల ఆహార పదార్థాల పట్టికలు వేసింది. మన సరుకులకు నేను మొదట చూసేది అదే. అందులో శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారు. 4.184తో భాగిస్తేనే మనం అనుకునే కేలరీలు వస్తాయి. అది చూసుకోకుండా ఎక్కించేస్తే 100 గ్రాములకి 356 ఉండాల్సిన బియ్యం 1491 అయి కూర్చుంటుంది. స్వచ్ఛమైన నూనే 100 గ్రాములకి 900 దాటదు, బియ్యం ఎలా దాటుతుంది?

పెసలకు అమెరికా పట్టికలో దాదాపు 350, మన పట్టికలో 300 లోపు కనిపిస్తే మాత్రం ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. వాళ్లు పీచును పిండిపదార్థంలోనే కలిపి చూపిస్తారు, మనవాళ్లు విడిగా చూపిస్తారు. ఏదో ఒకటి పట్టుకుని దానిమీదే ఉంటే సరి.

నా సొంత నిర్వాకం కూడా చెప్పాలి. మొదటి పది రోజులూ పూటకి 250 గ్రాముల అన్నం తూచి, యాప్‌లో బియ్యం అన్న ఎంట్రీ మీద నొక్కాను. 890 కేలరీలు! అమ్మో ఇంత తింటున్నానా అని రాత్రి భోజనం మానేశాను. పదో రోజు స్టేడియంలో రెండో రౌండుకే కళ్లు తిరిగితే, మా గ్రూపులో ఒకావిడ "ముందు ఏమన్నా తినండి అన్నయ్యగారూ" అని అరటిపండు చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి కుక్కర్‌ని ఖాళీగా, అన్నంతో రెండుసార్లు తూచాను. 300 గ్రాముల బియ్యం 840 గ్రాముల అన్నమైంది. అంటే 100 గ్రాములకి 127, నా 250 గ్రాములకి 318. మిగతా బరువంతా నీళ్లే. అది యాప్ తప్పు కాదు, నేను నొక్కిన ఎంట్రీ తప్పు.

ఇక ఆ 20 శాతం మాట. అది అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ సంస్థ నిబంధన. పరీక్షిస్తే తేలే కేలరీలు లేబుల్ మీద వేసినదానికంటే 20 శాతం మించి ఎక్కువ ఉండకూడదు అని. అది హద్దు. ప్రతి ప్యాకెట్టూ ఆ హద్దు మీదే కూర్చుంటుందని కాదు. అయినా పప్పు, గోంగూర, పెరుగన్నం తినే ఇంట్లో ప్యాకెట్ తిండి ఎంతుంటుంది? నా మట్టుకు లేబుల్‌తో దెబ్బతిన్నది ఆ 20 శాతం వల్ల కాదు, 30 గ్రాముల సర్వింగ్ అంకె చూసుకుని టీవీ ముందు 150 గ్రాముల మిక్చర్ లాగించడం వల్ల.

ఇంటి వంటను కొలవలేమన్నది ఈ ఫార్వర్డ్‌లో బలమైన మాట, ముఖ్యంగా నూనె విషయంలో. మా ఇంట్లో తాలింపుకి చెంచా వాడరు, క్యాన్ వంచుతారు. స్టవ్ దగ్గర తక్కెడ పట్టుకుని నిలబడితే మా ఆవిడ ఊరుకుంటుందా? అందుకని గిన్నెలో కాకుండా నెల సరుకుల్లో కొలిచాను. నలుగురికి నెలకి నాలుగు లీటర్లు. లీటరు ప్యాకెట్‌లో ఉండేది 910 గ్రాములు. మొత్తం 3640 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున 32,760 కేలరీలు. నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 273. ఆ అంకెను ఇప్పుడు రోజూ "నూనె" అని కళ్లు మూసుకుని వేసుకుంటాను. వేపుడు రోజు తక్కువ, పప్పుచారు రోజు ఎక్కువ చూపిస్తుంది. నెలకి సరిపోతుంది. ఆవకాయ నూనె మాత్రం విడిగా రాస్తాను, దానికి మామిడికాయల సీజన్‌లో వేరే క్యాన్ కొంటాం కాబట్టి.

పెద్దల సంగతి ఒక్క మాటలో: మా తాత తెనాలి పక్క పల్లెలో పొద్దున్నించీ పొలంలో ఉండేవాడు. నేను కుర్చీలో ఉంటాను.

ఇప్పుడు ఆ "కాబట్టి". మా నాన్నకి పట్నంబజారులో చిన్న కిరాణా కొట్టు ఉండేది. త్రాసుకి పాసంగం ఉండేది, ఒక తట్ట కొంచెం కిందికి వాలేది. ఆయన త్రాసు పారేయలేదు, తేలే తట్టకి చిన్న ఇనుప ముక్క కట్టాడు. నా లెక్కకి ఆ ముక్క, బాత్రూమ్ పక్కనున్న బరువు మిషన్. రోజూ పొద్దున్నే ఎక్కుతాను. ఉప్పుకీ నీళ్లకీ కిలో అటూ ఇటూ అవుతుంది గనుక వారం సగటే చూస్తాను. మూడు వారాలు రోజుకి 1900 అని రాశాను, సగటు కదల్లేదు. నిజంగా తిన్నది 2100 అయి ఉండొచ్చు, 2200 కూడా అయి ఉండొచ్చు. నాకు అనవసరం. నా పుస్తకంలో 1900 అంటే బరువు నిలబడే అంకె, అంతే. అక్కణ్ణుంచి 300 తగ్గించి తినడం మొదలెట్టాక ముల్లు కిందికి కదిలింది. రోజూ ఒకే వైపు జరిగే తప్పుతో ఇబ్బంది లేదు. ఒకరోజు చట్నీ రాసి మర్నాడు మానేస్తేనే లెక్క చెడుతుంది.

ఫార్వర్డ్ పంపిన బాబాయ్‌కి ఒక విషయంలో మాత్రం నేను అడ్డు చెప్పను. అంకె చూడగానే టెన్షన్ వచ్చి, తినాలంటేనే భయపడేవాళ్లు ఈ జోలికి రాకపోవడమే మంచిది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు యాప్‌లో ఎవరో ఎక్కించిన అంకెను నమ్మి డోసు మార్చుకోకూడదు, అది డాక్టర్‌తో తేల్చుకోవాల్సిన లెక్క.

ఇదంతా గ్రూపులో పెడితే బాబాయ్ ఒకటే అడిగాడు: "మరి మిర్చి బజ్జీకి ఎంత వేస్తున్నావురా?" బండి మీద మరిగే నూనెను శనగపిండి ఎంత పీలుస్తుందో కొలిచే దారి నాకు దొరకలేదు. ఒక్కోదానికి 150 వేస్తున్నాను. నాలుగు తింటే, నాలుగూ రాస్తున్నాను.