పాత రేకు పడవ కనిపిస్తే చాలు, మార్క్‌లినే అట!

ఇందాకే ఒకాయన తన బొమ్మ పడవ చూపించి వెళ్లారు. కీ తిప్పితే నడిచే రేకు పడవ. "మార్క్‌లిన్ అండీ, 1900 నాటిది, అచ్చమైన జర్మనీ సరుకు" అన్నారు. మార్క్‌లిన్ అంటే జర్మనీలోని పేరుమోసిన బొమ్మల కంపెనీ. ఎలా తెలిసిందని అడిగితే "చూస్తేనే తెలియడం లేదా" అని నన్నే ఎదురు ప్రశ్న వేశారు. ఒళ్లు మండిపోయింది.

సరే, చూద్దామని తిరగేశాను. డెక్కును బిగించిన స్క్రూల తలల మీద ప్లస్ ఆకారంలో గాడి ఉంది. ఆ రకం స్క్రూలు బజారులోకి వచ్చిందే 1930ల మధ్యలో. 1900లో మార్క్‌లిన్ వాళ్ల ఊరు గోపింగెన్‌లోని పనివాడికి వాటిని ఎవరు చేరవేశారో మరి! తర్వాత ఎవరైనా మార్చి ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ అడుగున ఎర్ర రంగు పెచ్చు లేచిన చోట 'జపాన్' అన్న మాట సగం బయటపడి కనిపిస్తోంది. దానికి ముందున్నది రంగు కింద ఉండిపోయింది. అక్కడ 'ఆక్యుపైడ్' (ఆక్రమణలో ఉన్న) అని ఉంటే ఆ పడవ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, జపాన్ మీద మిత్రరాజ్యాల ఆక్రమణ 1952లో ముగిసేలోగా తయారైన ఎగుమతి సరుకు. ఇదంతా చెబితే ఆయన జవాబు: "జర్మనీ వాళ్లే జపాన్‌లో చేయించి ఉంటారు లెండి." ఇంకేం మాట్లాడతాం?

ఈ మార్క్‌లిన్ పిచ్చి ఎప్పుడు వదులుతుందో తెలియదు. జర్మనీలోనే న్యూరెంబర్గ్‌లో బింగ్ అన్నదమ్ముల బొమ్మల కార్ఖానా ఉండేది కాదా? అదే ఊళ్లో బొమ్మలు చేసే కారెట్ ఉండేవాడు కాదా? ఇంగ్లండులో లీడ్స్ పక్కన హోర్స్‌ఫర్త్‌లో సట్‌క్లిఫ్ వాళ్లు 1920లో మొదలుపెట్టి 1982 దాకా రేకు పడవలు చేశారు. వాళ్ల పేరు ఎత్తితే మాత్రం పడవ తెచ్చినవాళ్ల ముఖం చిన్నబోతుంది. పడవ ఎవరిదో తెలుసుకోవాలని కాదు, గొప్ప పేరు తగిలించాలని కదా అడిగేది! 'డి.ఆర్.జి.ఎం.' అన్న ముద్ర చూసి అదే కంపెనీ పేరనుకునే మహానుభావులున్నారు. అది జర్మనీలో నమూనా నమోదైందని చెప్పే గుర్తు మాత్రమే. వెనక బ్రిటిష్ జెండా ఎగురుతోంది కాబట్టి ఇంగ్లండు పడవేనని వాదించేవాళ్లు మరో రకం. అయ్యా, ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు జెండా, అక్కడివాళ్లకు నచ్చే పేరు తగిలించి పంపింది ఆ జర్మన్లే!

అయినా తెలియనివాళ్ల మీద నాకు అంత కోపం లేదు. అసలు కోపమంతా రంగు డబ్బా పట్టుకుని బయల్దేరేవాళ్ల మీదే. పాత రంగు, తుప్పు, గీత, మసి, అన్నీ సాక్ష్యాలే. మా బావగారి దగ్గర ఒక పాత పడవ ఉండేది. ఉండేది అనే అంటాను. నీళ్లు మరిగించే స్పిరిట్ దీపం పెట్టే చోట, రేకు లోపలివైపు నల్లగా మసి పట్టి ఉండేది. ఆవిరితో నడిచిందని చెప్పడానికి ఆ మసే ఆధారం. చుక్కాని పక్కన చిన్న ముద్ర కూడా ఉండేది. ఈయన మసిని సబ్బు పెట్టి కడిగేశారు, గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్దారు, ఆపైన గేటుకు వేయగా మిగిలిన నీలం ఎనామిల్ పూసేశారు. చూడవచ్చినవాళ్లంతా "కొత్తదానిలా ఉందే" అని మెచ్చుకున్నారు. ఎందుకు ఉండదు, కొత్తదే కదా!

ఇప్పుడు ఆ పడవ ఫొటో నాకు పంపి "బావా, నీకు ఇవన్నీ తెలుసుగా, ఇది ఏ కంపెనీదో కాస్త చెప్పు, మార్క్‌లినేనా?" అని అడుగుతున్నారు. పేరు రుద్ది పారేసింది మీరే కదా బావగారూ, నన్నెందుకు అడుగుతారు? ఆ గరుకు కాగితాన్నే అడగండి.