పది సెకన్ల ఏకాంతం

ఏడాదికి నాలుగైదుసార్లు కెమెరా మెడలో వేసుకుని ఒక్కణ్ణే ఏదో ఒక కొండెక్కి వస్తుంటాను. మా అమ్మ దీన్ని "వాడికి అప్పుడప్పుడూ అలా వస్తుందమ్మా" అంటుంది, జలుబు గురించి చెప్పినట్టు. మా ఆవిడైతే "ఇంత గుంటూరులో మీకొక తోడు దొరకలేదా?" అంటుంది. ఏకాంతం కోసం వెళ్తున్నానని చెబితే పులిహోర డబ్బా సంచిలో పెట్టి, "ఏకాంతంలో ఆకలేస్తే తినండి" అంది.

మొన్న కార్తీకంలో ఒక ఆదివారం చీకటితోనే బ్రాడీపేటలో బండి తీసి, పేరేచర్ల, ఫిరంగిపురం దాటి కొండవీడు చేరాను. కార్తీకం, ఆదివారం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఏకాంతానికి ఇంకో రోజు చూసుకునేవాణ్ణి. ఘాట్ రోడ్డు పడ్డాక కొండెక్కడానికి మోకాళ్ళతో పని లేదు, కారుకి పెట్రోలుంటే చాలు. వనభోజనాల వాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

మొదటి గంట మాత్రం కోట అంతా నాదే. ఎండ ఏటవాలుగా పడుతుంటే బురుజు రాళ్ళకి నీడలు సాగాయి, చెరువులో గోడ తలకిందులుగా నిలబడింది. మేం పొద్దున్నే లేచి చచ్చేది ఈ వెలుతురు కోసమే. పది దాటి ఎండ నెత్తికెక్కిందంటే ఎంతటి కోటైనా పాసుపోర్టు ఫొటోలో మొహంలా తేలిపోతుంది. అనవోతారెడ్డి రాజధాని పెట్టిన చోటు, శ్రీనాథుడు విద్యాధికారిగా తిరిగిన చోటు అనుకుంటూ టకటకా నొక్కేశాను. నొక్కిన ప్రతిసారీ బొమ్మ వెనక తెర మీదికి వచ్చి రెండు సెకన్లుండి పోతోంది. మూలన ఏవో చిన్న అక్షరాలు మెరుస్తున్నాయి. నాకు చత్వారం, కళ్ళద్దాలు ఇంట్లో. బ్యాటరీ గుర్తు కాబోలు అనుకున్నాను.

ఏకాంతం ఫొటోలో కనపడాలంటే అందులో ఒక మనిషి ఉండాలి. వీపు మనవైపు, చూపు దూరంగా. అక్కడున్న మనిషిని నేనొక్కణ్ణే. స్టాండు మీద కెమెరా బిగించి, సెల్ఫ్ టైమర్ పెట్టాను. పది సెకన్లు. కెమెరా నుంచి గోడ దాకా ఇరవై అడుగులు, మధ్యలో రాళ్ళు, ముళ్ళకంప. నొక్కాను, పరిగెత్తాను. మొదటి ఫొటోలో నా కుడికాలు మాత్రమే వచ్చింది. రెండోదాంట్లో కంపకి చిక్కిన చొక్కా లాక్కుంటున్నాను. మూడోసారి గోడ దగ్గరికి సమయానికే చేరి, దూరంగా చూస్తూ గంభీరంగా నిలబడ్డాను. పది సెకన్లు దాటాయి, ఇరవై దాటాయి. అనుమానమొచ్చి వెనక్కి తిరిగాక క్లిక్కుమంది. గాభరాలో బటన్ సరిగ్గా నొక్కలేదట, ఎవరో నొక్కారు.

"పాపం ఒక్కడివే తంటాలు పడుతున్నావని నేనే నొక్కానబ్బాయ్" అన్నాడు కెమెరా పక్కన నిలబడ్డ పెద్దాయన.

ఆయన వెనక పధ్నాలుగుమంది. చిలకలూరిపేట నుంచి వ్యానులో దిగారు. గాడిపొయ్యికి రాళ్ళు ఏరేవాళ్ళు, గిన్నెలు దించేవాళ్ళు. కోతులు అప్పటికే నా పులిహోర డబ్బా ఖాళీ చేసి, మూత మాత్రం మర్యాదగా గోడ మీద పెట్టి వెళ్ళాయి. అది చూసి వాళ్ళే నాకు విస్తరి వేశారు. గుత్తివంకాయ తిన్న నోటితో ఫొటో తీయనని ఎలా అంటాం? జంటలుగా తీశాను, బావాబామ్మర్దుల్ని తీశాను, చంటిపిల్ల ఏడుస్తుండగా, ఏడుపు ఆపాక, మళ్ళీ మొదలెట్టాక తీశాను. చివరికి వాళ్ళ నాయనమ్మ వచ్చింది. చెంగు సర్దుకుని, ముక్కుపుడక తిన్నగా తిప్పుకుని, ఫొటోలో కొండ పడేట్టు రాయి మీద కూర్చుంది.

"బాగా తియ్యి నాయనా. పెద్దది కట్టించి ఉంచుకుంటా. రేప్పొద్దున దండెయ్యడానికి వీళ్ళు ఆధార్ కార్డు ఫొటో పెట్టేట్టున్నారు."

ఆవిణ్ణి పదకొండుసార్లు తీశాను. "కొంచెం నవ్వండి మామ్మా" అని బతిమాలి మరీ. నా ఫోన్ నంబరిచ్చి, రాత్రికల్లా వాట్సాప్‌లో పంపిస్తానని మాటిచ్చి కొండ దిగాను.

ఇంటికొచ్చి లాప్‌టాప్ మూత తీస్తే, దాని పక్కనుంచి మెమరీ కార్డు నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది. ముందురోజు రాత్రి మా అమ్మాయి స్కూల్ వార్షికోత్సవం ఫొటోలు ఎక్కించడానికి అందులో దోపి, తీయడం మర్చిపోయాను. కళ్ళద్దాలు పెట్టుకుని కెమెరా చూశాను. మూలన మెరుస్తున్న అక్షరాలు "డెమో". కార్డు లేకపోయినా షట్టర్ పడే సెట్టింగ్ ఒకటుంటుంది, కొట్లో కొనేవాళ్ళకి చూపించుకోవడానికి. అది ఆన్‌లో ఉంటే క్లిక్కుమంటుంది, బొమ్మ చూపిస్తుంది, ఎక్కడా దాచదు. నేను పొద్దుటి నుంచీ కొండవీటికి డెమో ఇచ్చి వచ్చానన్నమాట. 1515లో కృష్ణదేవరాయల పక్షాన ఈ కోట పట్టుకున్న సాళువ తిమ్మరుసు ఆ సంగతి మంగళగిరిలో రాతి మీద చెక్కించాడు. కార్డు గొడవే లేదు ఆయనకి.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మొదలైంది. "ఎడిటింగ్‌లో ఉన్నాయండీ" అన్నాను. మర్నాడూ అదే చెప్పాను. మూడో రోజు పెద్దాయన "ఏంటబ్బాయ్, ఊరేశావా ఏంటి, ఆవకాయలాగా?" అన్నాడు. నాలుగో రోజు కొత్త నంబరు నుంచి చేశారు. ఇక టెన్షన్ భరించలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. స్పీకర్‌లో పెట్టినట్టున్నారు, నాయనమ్మ గొంతు వినపడింది.

"కార్డే లేకపోతే మరి నన్నెందుకు నవ్వమన్నావు నాయనా?"

దీనికి ఏ కెమెరా పుస్తకంలోనూ జవాబు లేదు. స్టూడియోకి తీసుకెళ్ళి నా ఖర్చుతో తీయిస్తానన్నాను. వెనకాల కొండ ఉండాలంది. కంప్యూటర్‌లో కొండ పెట్టిస్తానన్నాను. "ఆ కొండే" అంది. పెద్దాయన ఫోన్ అందుకుని, కార్తీకంలో ఇంకో ఆదివారం మిగిలే ఉందనీ, వ్యాను మాట్లాడేశామనీ, ఈసారి వియ్యంకుల వాళ్ళు కూడా వస్తామంటున్నారనీ చెప్పాడు.

శనివారం రాత్రి కెమెరాలో ఒక కార్డు, జేబులో ఇంకోటి, పర్సులో మూడోది పెట్టుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏకాంతానికి రేపు పులిహోర ఎంతమందికి కలపమంటారు?"