తిరుపతిలో కాఫీ ఫ్రాంచైజీ: రద్దీ చూసి సంతకం పెట్టొద్దు

తిరుపతిలో కాఫీకి గిరాకీ లేదని ఎవరూ అనరు. తెల్లవారుజామున ఆర్టీసీ బస్టాండ్ దగ్గర చూడండి. కొండ దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, చెన్నై బస్సు దిగినవాళ్లు, అందరి చేతుల్లోనూ కాఫీ గ్లాసులే. కాఫీ చెయిన్ ఫ్రాంచైజీ, అంటే ఫీజు కట్టి పెద్ద కంపెనీ పేరుతో షాపు నడిపే హక్కు, తీసుకుందామన్న ఆలోచన పుట్టేది ఈ రద్దీ చూసే. కానీ ఆ రద్దీలో మీ షాపు ముందు నుంచి నడిచేది ఎవరన్నదే అసలు లెక్క.

ముందు ఒక మాట. పెద్ద పేర్లన్నీ ఫ్రాంచైజీకి దొరకవు. 2012లో టాటాలతో కలిసి మన దేశంలో అడుగుపెట్టిన స్టార్‌బక్స్ ఇక్కడ విడి వ్యక్తులకు ఫ్రాంచైజీ ఇవ్వదు. ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

కంపెనీ పేరున్న బోర్డు విలువ తీసిపారేసేది కాదు. ముంబయి నుంచో బెంగళూరు నుంచో వచ్చిన కుటుంబానికి మన ఊళ్లో ఏ కాఫీ బాగుంటుందో తెలియదు. తెలిసిన పేరు కనిపిస్తే కారు ఆపుతారు. పొడి, మిషన్లు, ట్రైనింగ్ కంపెనీయే చూస్తుంది. వ్యాపారం కొత్తయినవాళ్లకు అది పెద్ద అండ.

బాలాజీ కాలనీలోనో యూనివర్సిటీ చుట్టుపక్కలో అయితే సంగతి వేరు. అక్కడ రోజూ వచ్చేవాళ్లకు కావాల్సింది చిక్కటి డికాషన్, తెలిసిన ముఖం. ఆ రుచి నిలబెట్టేది కాఫీ మాస్టర్. రెండు వేలు ఎక్కువిస్తామని పక్క షాపువాళ్లు పిలిస్తే అతను వెళ్లిపోతాడు. కంపెనీ పొడి పంపగలదు గానీ, మనిషిని ఆపలేదు కదా!

ఇక డబ్బు సంగతి. ఇవన్నీ ఉదాహరణకు అనుకున్న అంకెలే. పన్ను కాకుండా కప్పు 20 రూపాయలు, రోజుకు 350 కప్పులు అనుకుందాం. నెలకు 2,10,000 రూపాయల అమ్మకం. పాలు, పొడి, చక్కెర, కప్పులకు 35 శాతం, అంటే 73,500. అద్దె 35,000, జీతాలు 45,000, కరెంటు, గ్యాస్ 15,000. కంపెనీకి నెలనెలా కట్టే వాటా, అంటే రాయల్టీ, అమ్మకంలో 6 శాతం చొప్పున 12,600, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 14,868. మిగిలేది 26,632. ఫీజుకీ, ఇంటీరియర్‌కీ 12 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్ల లోను తెచ్చి ఉంటే ఈఎంఐ సుమారు 26,100. ఇక చేతికొచ్చేది అయిదారు వందలు. పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లా దగ్గర కూర్చున్నందుకు!

ఇక్కడ రెండు మెలికలున్నాయి. రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. మీకు నష్టమొచ్చిన నెలలోనూ కంపెనీ వాటా కంపెనీకి వెళ్లాల్సిందే. ఇక రాయల్టీ మీద కట్టిన ఆ జీఎస్టీని, 5 శాతం పన్ను శ్లాబులో ఉన్న కాఫీ షాపు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుని, వెనక్కి తీసుకోలేదు. చాలామంది ప్రాజెక్టు రిపోర్టులో ఈ ఖర్చు కనిపించదు.

దీనికి తోడు పొడి ధర. బ్రెజిల్‌లో కరువు దెబ్బకు 2025 ఫిబ్రవరిలో అరబికా రకం కాఫీ గింజల అంతర్జాతీయ ధర పౌండుకు (దాదాపు అరకిలోకు) 4 డాలర్లు దాటింది. సొంత షాపైతే బ్లెండ్ మార్చుకుంటారు, చికోరీ పాళ్లు సర్దుకుంటారు, కప్పుకు రెండు రూపాయలు పెంచుతారు. ఫ్రాంచైజీలో సాధారణంగా పొడి వాళ్ల దగ్గరే కొనాలి, రేటు కూడా వాళ్లు చెప్పిందే.

నా లెక్కలో రేణిగుంట రోడ్డు, అలిపిరి వైపు, హైవే పక్కన బోర్డుకు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. కాలనీలో అయితే ఆ ఫీజు డబ్బుతో మంచి మాస్టర్‌ను పెట్టుకుని, సొంత పేరుతో మొదలుపెట్టడమే మేలు. ఏడాది నష్టాన్ని తట్టుకునే డబ్బు మాత్రం రెండింటికీ కావాలి.

అయినా ఫ్రాంచైజీయే తీసుకుంటామంటే అగ్రిమెంటు వకీలుకు చూపించండి. ఫ్రాంచైజీలకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, కాగితం మీద రాసుకున్నదే దిక్కు. అదే రోడ్డులో ఇంకొకరికి ఇవ్వబోమని రాశారా? మధ్యలో మానేస్తే డిపాజిట్ ఎంత వెనక్కొస్తుంది? షాపు అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంటుంది? అది మీ పేరున ఉంటే, రేపు బోర్డు దింపాల్సి వచ్చినా షాపు మీ చేతిలోనే ఉంటుంది. కంపెనీ పేరున ఉంటే, వాళ్లతోపాటు ఆ చోటూ పోతుంది.